యూరప్ వెళ్ళి కూడా అదే పచ్చసీసా బీరా? మంచి బీరు దొరికే చోటు ఎలా పట్టుకోవాలి?

కాకినాడ_కాజా
పోయిన వేసవిలో ఆఫీసువాళ్ళతో ప్యాకేజీ టూర్‌లో యూరప్ వెళ్ళొచ్చాను. ఏ ఊరు వెళ్ళినా గైడు మమ్మల్ని నడిబొడ్డున, గడియారం స్తంభం ఎదురుగానో చర్చి పక్కనో ఏదో బార్‌లో కూర్చోబెట్టేవాడు. మెనూ అరడజను భాషల్లో, ఫొటోలతో సహా ఉండేది. బీరు మాత్రం మన జూబ్లీహిల్స్‌లో దొరికే పచ్చసీసా సరుకే, రేటు మూడింతలు. ఒకచోటైతే కూర్చున్నందుకు వేరే, వడ్డించినందుకు వేరే బిల్లు వేశారు. ఇదేమిటని అడిగితే భుజాలెగరేసి పోయాడు.

ఇప్పుడు అక్టోబర్‌లో నేనూ మా బావా సొంతంగా వెళ్తున్నాం. బ్రస్సెల్స్, కొలోన్, ప్రాగ్, చివర్లో లండన్. మ్యూజియాలూ కోటలూ అయిపోయాయి, ఈసారి బీరు కోసమే. నెట్‌లో "టాప్ టెన్ బార్లు" చూస్తే అన్నీ ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినట్టున్నాయి. తెలియని ఊళ్ళో దిగాక మంచి చోటు ఎలా కనిపెడతారు మీరంతా? బావ గురించి ఒక ముక్క: ఆయనకి బీరు స్ట్రాంగ్‌గా ఉండాలి, పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండాలి.

నిజాంపేట్_నవాబ్
బావని ఇంట్లో వదిలేస్తే సగం సమస్య తీరినట్టే.

పాతకాపు
ఒకప్పుడైతే రేట్‌బీర్ అనే వెబ్‌సైట్ చూడమని ఒక్క మాటలో చెప్పేవాణ్ణి. ఊరి పేరు కొడితే బార్లు, బీరు దుకాణాలు, బ్రూవరీలు వరసగా వచ్చేవి. వాటి కింద వెళ్ళొచ్చినవాళ్ళ సణుగుడు కూడా ఉండేది, అసలు విలువంతా ఆ సణుగుడులోనే. 2000లో మొదలైంది, 2025 ఫిబ్రవరిలో మూసేశారు. ఇప్పుడు మిగిలింది అన్‌టాప్డ్, ఎవరేం తాగారో పోస్టు పెట్టి మార్కులు వేసే యాప్. అందులో నక్షత్రాలు ఎక్కువ, మాట తక్కువ.

హాఫ్‌పింట్_హరి
@పాతకాపు గారూ, అన్‌టాప్డ్‌లో నక్షత్రాలు చూడకూడదండీ. బార్ పేజీ తెరిచి, నిన్నా మొన్నా అక్కడ ఎవరేం తాగారో చూడాలి. అదే ఊరి బ్రూవరీల బీర్లు నాలుగైదు రకాలు కనిపిస్తే ఆ బార్ బతికున్నట్టు. ఆర్నెల్ల కిందటి పోస్టులే ఉంటే వదిలేయడమే.

రేటింగులతో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ మార్కులు వేసేవాళ్ళకి పది పన్నెండు శాతం ఆల్కహాల్ ఉండే స్టౌట్ అనే నల్ల బీర్లన్నా, పళ్ళరసంలా మసకగా ఉండే ఐపీఏ రకం బీర్లన్నా మోజు. నాలుగు శాతం లాగర్, అంటే మనకి తెలిసిన మామూలు రకం బీరు, ఎంత గొప్పగా ఉన్నా దానికి పాస్ మార్కులే పడతాయి. కాబట్టి ప్రాగ్‌లో రేటింగ్ పట్టుకుని తిరిగితే ఆ ఊరు దేనికి ప్రసిద్ధో దాన్ని తప్ప అన్నీ తాగి వస్తారు.

చిల్డ్‌గా_ఉంచు
పాస్ మార్కులు వచ్చినవాళ్ళే జీవితంలో పైకొస్తారు, లాగర్ కూడా అంతే.

బ్రస్సెల్స్_బాబాయ్
ఇక్కడే ఉంటున్నాను కాబట్టి మా ఊరి సంగతి నేను చెప్తాను.

కాజా గారూ, ముందు ఒక మాట. బ్రస్సెల్స్‌లో "క్రాఫ్ట్ బీర్ (చిన్న బ్రూవరీల కొత్తరకం బీరు) బార్ ఎక్కడ?" అని వెతక్కండి. "లాంబిక్ ఎక్కడ?" అని వెతకండి. ఐపీఏ బెంగళూరులోనూ దొరుకుతుంది. లాంబిక్ మాత్రం ఈ ఊళ్ళోనూ, దీన్ని ఆనుకుని ఉన్న సెన్నె నది లోయలోనూ పుట్టిన సరుకు.

కాంటియాన్ బ్రూవరీకి తప్పకుండా వెళ్ళండి. 1900 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. మిడి స్టేషన్ నుంచి నడిచే దూరం, వీధి చూస్తే మాత్రం తప్పు అడ్రస్‌కి వచ్చామేమో అనిపిస్తుంది. లోపల మ్యూజియంలా తిప్పి చూపిస్తారు, చివర్లో గ్లాసు చేతికిస్తారు. పైఅంతస్తులో, కప్పు కింద, గది అంత వెడల్పుండి లోతు తక్కువున్న రాగి తొట్టి ఒకటి ఉంటుంది. మరిగించిన బార్లీ, గోధుమ రసాన్ని రాత్రంతా అందులో ఆరబెడతారు. ఈస్ట్ వెయ్యరు. గాలిలోనూ ఆ పాత చెక్కల్లోనూ ఉన్న అడవి ఈస్టే దిగి పులియబెడుతుంది. మన తాటికల్లు ఎలా తనంతట తాను పులుస్తుందో అచ్చం అలాగే, కాకపోతే కల్లు సాయంత్రానికి తయారు, ఇది పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళ లాంబిక్‌లు కలిపి సీసాలో పోస్తే అందులో మళ్ళీ పులిసి బుడగలు పడుతుంది. దాన్ని గూజ్ అంటారు. పుల్లచెర్రీలు వేసి నానబెడితే క్రీక్. ఎండాకాలం గాలిలో పాడుచేసే క్రిములు ఎక్కువని చలిగా ఉండే నెలల్లోనే వండుతారు. మీరొచ్చే అక్టోబర్ సరిగ్గా సీజన్ మొదలయ్యే వేళ.

సాయంత్రానికి ఫాంటెనాస్ చౌరస్తాలో మూడర్ లాంబిక్ అనే బార్. ట్యాపులు చాలా ఉంటాయి, పనివాళ్ళకి ప్రతి బీరు గురించీ తెలుసు. పులుపు ఎంత వరకు పర్వాలేదో చెప్తే దాన్ని బట్టి పోస్తారు. పులుపు వద్దంటే బ్రాస్రీ ద లా సెన్ వాళ్ళ తారాస్ బూల్బా అడగండి. 4.5 శాతమే, శుభ్రమైన చేదు. నేను వారాంతంలో తాగేది అదే.

నిజాంపేట్_నవాబ్
బావకి గూజ్ ఇస్తే "పాడైపోయిన బీరు అంటగట్టారు" అని కౌంటర్ దగ్గర గొడవ పెడతాడు. ముందే మేనేజర్‌కి చెప్పి ఉంచండి.

బ్రస్సెల్స్_బాబాయ్
@నిజాంపేట్_నవాబ్ బావకి కూడా బెల్జియమే స్వర్గం బ్రో. వెస్ట్‌మాల్ ట్రిపెల్ 9.5 శాతం, రోష్‌ఫోర్ 10 అయితే 11.3. మన స్ట్రాంగ్ బీర్లు వీటి ముందు మజ్జిగ. రెండూ ట్రాపిస్ట్ అనే క్రైస్తవ సన్యాసుల మఠాల్లో తయారైనవే. ఇబ్బందల్లా అవి మంచుచల్లగా ఇవ్వరు, గటగటా తాగేవి కూడా కావు. చిన్న సీసా, దాని పేరున్న దాని గ్లాసు, అరగంట కూర్చోవాలి.

గోదారిగాలి
అందరూ చెప్పే డెలిరియం కెఫే సంగతేంటి? 2004లో రెండువేల నాలుగు రకాల బీర్లతో గిన్నిస్ రికార్డు కొట్టింది కదా?

పాతకాపు
కొట్టింది, ఆ మెనూ టెలిఫోన్ డైరెక్టరీలా ఉంటుంది. కానీ వేల రకాలున్న చోట ఏ సీసా ఎన్నాళ్ళుగా అలమరలో ఉందో ఎవరు చూడొచ్చారు? గూజ్, బలమైన ట్రాపిస్ట్ బీర్లు పాతబడితే బాగుంటాయి. హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) ఎక్కువున్నవి నెలల్లోనే చప్పబడిపోతాయి. నేనైతే బార్ గుమ్మంలో నిలబడి ట్యాపులు ఎన్ని, జనం ఎంత అని లెక్కేసుకుంటాను. ఎనిమిది ట్యాపులుండి కిటకిటలాడుతుంటే లోపలికి. నలభై ట్యాపులుండి ఈగలు తోలుతుంటే వెనక్కి.

బ్రస్సెల్స్_బాబాయ్
శనివారం రాత్రి డెలిరియం అంటే విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ. వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్తే పర్వాలేదు, కూర్చుని సీసాల జాబితా చదువుకోవచ్చు. పూర్తిగా కొట్టిపారేయను.

మ్యూనిక్‌మాధవి
పాతకాపు గారి లెక్క లండన్‌కీ జర్మనీకీ సరిపోతుంది. బెల్జియం సీసాల దేశం. అక్కడ ట్యాపులు లెక్కపెట్టి లాభం లేదు, మంచి సీసాలు నేలమాళిగలో ఉంటాయి. బ్రూజ్‌లో డ గారె అని సందులో సందు ఒకటుంది, దాని ముందు నుంచే వెళ్ళి కూడా చూడకుండా దాటిపోతారు. వాళ్ళ ఇంటి ట్రిపెల్ 11 శాతం, పక్కన చీజ్ ముక్కలు చిన్న గిన్నెలో పెట్టి ఇస్తారు. మా నాన్నగారు మొదటి గ్లాసుకే మెట్లు జాగ్రత్తగా దిగారు.

చిల్డ్‌గా_ఉంచు
గెంట్‌లో చెప్పులు తాకట్టు పెట్టుకునే బార్ ఉందట, నిజమేనా లేక ఎవరో వదిలిన గాసిప్పా?

బ్రస్సెల్స్_బాబాయ్
నిజమే. డుల్లె గ్రీట్, శుక్రవారం సంత జరిగే చౌకులో. ఒక రకం బీరు లీటరు పైన పట్టే పొడుగాటి గ్లాసులో, చెక్క స్టాండులో నిలబెట్టి ఇస్తారు. ఆ గ్లాసు జనం ఎత్తుకుపోతున్నారని ఒక బూటు తీసుకుని బుట్టలో వేసి, తాడుతో పైకప్పు దాకా లాగేస్తారు. గ్లాసు తిరిగిచ్చాక బూటు దిగుతుంది.

చిల్డ్‌గా_ఉంచు
మన తిరుపతి స్టాండు కంటే భద్రంగా ఉంది. సాక్సు చిరుగుంటే ఆ రోజు హాఫ్ గ్లాసుతో సరిపెట్టుకోవాలి.

కాకినాడ_కాజా
బ్రస్సెల్స్ ఓకే. గెంట్ కూడా కలిపేస్తాను, రైల్లో దగ్గరే కదా. కొలోన్‌లో ఏమిటి పరిస్థితి?

ఆహెన్_అబ్బాయి
కొలోన్‌లో బార్ వెతకడం కన్నా అక్కడి పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం. బీరు ఒక్కటే, కోల్ష్. 0.2 లీటర్ల సన్నటి గ్లాసు. వడ్డించేవాణ్ణి కోబెస్ అంటారు, నీలం ఏప్రాన్ కట్టుకుని, గుండ్రటి ట్రేలో గ్లాసులు గుచ్చుకుని తిరుగుతుంటాడు. మీ గ్లాసు ఖాళీ అవగానే అడక్కుండా ఇంకోటి పెట్టి, కింద అట్టముక్క మీద పెన్సిల్‌తో గీత గీస్తాడు. చాలనుకుంటే ఆ అట్టముక్క గ్లాసు మీద మూతలా పెట్టాలి. పెట్టకపోతే వస్తూనే ఉంటుంది. మా రూమ్మేట్ మర్యాదకి ఒక్కొక్కటీ తాగుతూ పోయాడు, అట్ట అంచు చుట్టూ గీతలు పంచాంగంలా తయారయ్యాయి.

కేథడ్రల్ పక్కనే ఉన్న ఫ్రూ అనే చోట టూరిస్టులు ఎక్కువ, అయినా బీరు తాజాగానే ఉంటుంది, అంత వేగంగా పీపాలు ఖాళీ అవుతాయి మరి. నాకు ఫ్రీజెన్‌స్ట్రాస్సెలో పెఫ్గెన్ ఇష్టం. పీపాలోంచి నేరుగా పోస్తారు. కోబెస్ కాస్త విసుగ్గా మాట్లాడితే ఫీలవకండి, అది అక్కడ ఆనవాయితీ. నీళ్ళు అడిగితే మాత్రం నిజంగానే విసుక్కుంటాడు.

డ్యూసెల్_దొర
కొలోన్ దాకా వచ్చి డ్యూసెల్డార్ఫ్ రాకపోవడం అన్యాయం. రైల్లో అరగంట. ఇక్కడ ఆల్ట్, ఎర్రమట్టి రంగు, గట్టి చేదు. పాత ఊళ్ళో యూరిగె, ఫ్యూక్‌షెన్, ష్లూస్సెల్ అనే బ్రూవరీ పబ్బులన్నీ నడక దూరంలోనే. యూరిగె బయట వీధిలో పీపాల చుట్టూ నిలబడి తాగడమే అసలు మజా. మీరు అక్టోబర్‌లో వస్తున్నారు కాబట్టి చెప్తున్నా: అక్టోబర్ మూడో మంగళవారం యూరిగెలో స్టికె అని ఇంకాస్త బలమైన ఆల్ట్ పోస్తారు. ఏడాదికి రెండుసార్లే, జనవరిలోనూ అక్టోబర్‌లోనూ. కుదిరితే టికెట్లు దాని చుట్టూ సర్దుకోండి.

కోల్ష్ గురించి ఏమీ అనను. నీళ్ళు దొరకవన్నారు కదా, ఆ లోటు అదే తీరుస్తుంది.

ఆహెన్_అబ్బాయి
వచ్చాడండీ. రెండూ పైకి తేలే ఈస్ట్‌తో పులిసి, తర్వాత చలిలో మాగేవే. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రంగు తేడా, అంతే. అన్నదమ్ముల గొడవ.

డ్యూసెల్_దొర
అన్నదమ్ముల గొడవే గట్టిగా ఉంటుంది. పైగా మీవాళ్ళు 1986లో ఒప్పందం రాసుకుని మరీ కోల్ష్ అనే పేరుకి తాళం వేసుకున్నారు. మాకా అవసరం రాలేదు.

పెరుగన్నం
నేను బీరు తాగుతాను, మాంసం తినను. ఈ చర్చలో ఎవరూ తిండి మాట ఎత్తలేదు. ఖాళీ కడుపుతో 11 శాతం ట్రిపెల్ తాగమంటారా?

మ్యూనిక్‌మాధవి
@పెరుగన్నం మంచి ప్రశ్న. బెల్జియంలో ఫ్రైస్ చూసి శాకాహారం అనుకోకండి. పాత పద్ధతి దుకాణాల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు, అడిగి తీసుకోండి. కొలోన్‌లో మెనూలో "హాల్వ్ హాన్" అని ఉంటుంది. పేరులో కోడి ఉన్నా ప్లేటులో వచ్చేది రై రొట్టె, గౌడా చీజ్, ఉల్లిపాయ, ఆవాల ముద్ద. ప్రాగ్‌లో వేయించిన చీజ్, నూనెలో ఊరబెట్టిన చీజ్ రెండూ పబ్బుల్లో మామూలే. రెండోది మిరపకాయ, ఉల్లిపాయతో ఊరేస్తారు, బీరులోకి భలే ఉంటుంది. బవేరియా బీర్ గార్డెన్లలో అయితే బెంగే లేదు, తిండి మన ఇంటి నుంచి పట్టుకెళ్ళొచ్చు, బీరు మాత్రం వాళ్ళ దగ్గర కొనాలి. అది నిబంధనల్లోనే ఉంది. మేము పులిహోర డబ్బాతో వెళ్తాం. టేబుల్ మీద గుడ్డ పరిచి ఉంటే అది వడ్డన టేబులు, అక్కడ డబ్బా తెరవకూడదు.

పెరుగన్నం
పులిహోర, బీరు. మ్యూనిక్ వచ్చేస్తున్నా.

మ్యూనిక్‌మాధవి
రండి. ఇంకోటి, ఖాళీగా ఉంది కదా అని మూలనున్న పెద్ద బల్ల దగ్గర కూర్చోకండి. "ష్టామ్‌టిష్" అని బోర్డు ఉంటే అది ఏళ్ళ తరబడి వచ్చే పెద్దమనుషులది. లేపేస్తారు.

నురగరాయుడు
ప్రాగ్ నాకు వదిలేయండి.

ముందు డిగ్రీల సంగతి. బోర్డు మీద 10°, 12° అని చూసి బావ గంతులేయొచ్చు. అది ఆల్కహాల్ శాతం కాదు. పులియకముందు రసంలో ఉన్న చక్కెర కొలత. 10 అంటే సుమారు నాలుగు శాతం, 12 అంటే అయిదుకి అటూ ఇటూ.

రెండోది, "తంకోవ్నా" అని రాసి ఉన్న పబ్ చూడండి. బీరుని పాశ్చరైజ్ చెయ్యకుండా పిల్సెన్ నుంచి తెచ్చి, పెద్ద ట్యాంకుల్లో చల్లగా ఉంచి పోస్తారు. 1842లో పిల్సెన్‌లో పుట్టిన ఆ బంగారు రంగు లాగర్‌నే ప్రపంచమంతా కాపీ కొట్టింది. మీరు కాజా గారూ, పచ్చసీసా అని తిట్టారే, అది కూడా దాని మనవడే. అసలుది రుచి చూస్తే కుటుంబం ఎక్కడ చెడిందో తెలుస్తుంది. ద్లౌహా వీధిలో లోకాల్‌కి వెళ్ళండి. పొడుగాటి హాలు, గాజు వెనక ట్యాంకులు, గోల. టేబుల్ మీద ఒక చీటీ ఉంటుంది, ఎన్ని తాగితే అన్ని గీతలు దాని మీదే. చీటీ మీద మీరు పెన్ను పెట్టకండి, పారేయకండి. అదే మీ బిల్లు.

ఉ జ్లతేహో తిగ్రా గురించి ఎక్కడైనా చదివే ఉంటారు. 1994లో చెక్ అధ్యక్షుడు హావెల్, అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ని తీసుకెళ్ళిన పబ్ అది. మధ్యాహ్నం మూడింటికి తీస్తారు, అప్పటికే బయట క్యూ ఉంటుంది. లోపల సీట్లు చాలావరకు రోజూ వచ్చేవాళ్ళవే. తెరిచే వేళకి నిలబడితే చోటు దొరకొచ్చు, ఆలస్యమైతే ఆశ వదులుకోండి. కొత్త తరం బ్రూవరీల బీరు కావాలంటే వినోహ్రాడీ వైపు వెళ్ళండి, అక్కడ వినోహ్రాడ్స్కీ పివోవార్ తన బీరు తనే వండుకుంటుంది. చార్లెస్ వంతెన పరిసరాల్లో మాత్రం గొంతు ఎండినా ఆగకండి.

గోదారిగాలి
ప్రాగ్‌లో నాకు కోపం తెప్పించింది నురగ. మూడు వేళ్ళ మందం నురగ పోసి ఫుల్ గ్లాసు డబ్బులు తీసుకున్నారు. మన దగ్గర ఇలా పోస్తే గ్లాసు వెనక్కి పంపుతాం.

నురగరాయుడు
@గోదారిగాలి నా పేరు చూసి కూడా ఈ మాట అన్నారా!

అది హ్లదింకా, అక్కడి అసలు పద్ధతి. తడి గ్లాసులో ముందు నురగ పోసి, ట్యాపు మూతిని ఆ నురగలో ముంచి, కింద నుంచి బీరు నింపుతారు. అందుకే ఆ నురగ సబ్బు బుడగల్లా ఉండదు, పెరుగు మీగడలా తడిగా, చిక్కగా ఉంటుంది. బీరుకి గాలి తగలనివ్వదు. చివరి గుటక దాకా రుచి మారదు. గ్లాసు మీద గీత ఉంటుంది, బీరు ఆ గీత దాకా రావాలి, నురగ దాని పైన. గీత కిందే బీరు ఆగితే అప్పుడు అడగండి. మ్లీకో అని ఇంకోటుంది, గ్లాసు మొత్తం నురగే. తియ్యగా ఉంటుంది, రెండు గుక్కల్లో అయిపోవాలి. రాత్రి చివరి గ్లాసుగా తాగుతారు.

గోదారిగాలి
గ్లాసు మొత్తం నురగకి డబ్బులిచ్చే రోజు నాకు రాకూడదు. గీత సంగతి మాత్రం బాగుంది.

పాతకాపు
కొలోన్ నుంచి ప్రాగ్‌కి వెళ్ళే దారిలో న్యూరెంబర్గ్ దగ్గర ఆగి బాంబెర్గ్ వెళ్ళండి, రైల్లో గంటలోపే. ష్లెంకెర్లాలో రౌఖ్‌బియర్, బీచ్ కట్టెల పొగ మీద ఆరబెట్టిన మాల్ట్‌తో వండుతారు. నల్లగా ఉంటుంది, మొదటి గుటకకి పొగ మొహానికి కొట్టినట్టే. మూడో గ్లాసుకి అలవాటవుతుందని అక్కడివాళ్ళే చెప్తారు. లోపల చోటు లేకపోతే గ్లాసు పట్టుకుని వీధిలో నిలబడటమే, అందరూ అదే చేస్తారు. అదే ఊళ్ళో స్పెజియాల్ కూడా పొగ బీరే, కాస్త మెత్తన. ఈ రెండు చోట్లా "క్రాఫ్ట్" అనే మాట కనపడదు. ఆ మాట పుట్టకముందు నుంచీ వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారు. నా మటుకు నాకు యూరప్‌లో వెతకాల్సింది ఈ రకం చోట్లే. గోడ మీద నియాన్ బోర్డు, కుర్చీ బదులు ప్యాలెట్ చెక్క, పన్నెండు ఐపీఏలు, ఇవి ఏ ఊరికెళ్ళినా ఒకటే.

హాఫ్‌పింట్_హరి
ఇక్కడ నేను ఒప్పుకోను. ఆ "ఒకటే" లోంచే రోమ్, కోపెన్‌హాగన్, వార్సా లాంటి ఊళ్ళకి మంచి బీరు వచ్చింది. రోమ్‌లో ఏ పాత పద్ధతి ఉందని వెతుకుతారు? 2001లో ట్రస్టెవెరెలో ఒక ఇరుకు గదిలో "మా కె సియెతె వెనూతి ఆ ఫా" మొదలెట్టి, ఇటలీ చిన్న బ్రూవరీల బీరునీ బయటి బీరునీ జనానికి అలవాటు చేశారు. కోపెన్‌హాగన్‌లో మిక్కెల్లర్ బ్రూవరీని 2006లో మొదలుపెట్టినవాళ్ళలో ఒకాయన ఫిజిక్స్ పంతులు. పోలండ్‌లో 2011 తర్వాత ఊరూరా ట్యాపుల బార్లు లేచాయి. పాత ఊళ్ళలో పాత బీరు, కొత్త ఊళ్ళలో కొత్త బీరు.

పాతకాపు
సరే, రోమ్ వరకు ఒప్పుకుంటా. కోపెన్‌హాగన్ రేట్లు ఒప్పుకోను.

ఆహెన్_అబ్బాయి
కోపెన్‌హాగన్‌లో చిన్న గ్లాసు అడిగితే తప్పేం లేదు, అక్కడ అందరూ అదే తాగుతారు. స్టూడెంట్ సలహా.

కాకినాడ_కాజా
లండన్ మిగిలింది. హరి గారూ?

హాఫ్‌పింట్_హరి
రెండు లండన్లు ఉన్నాయి.

ఒకటి క్యాస్క్ ఏల్ లండన్. బీరు పీపాలోనే పులుస్తూ నేలమాళిగలో ఉంటుంది, కౌంటర్ మీద పొడుగాటి పిడి పట్టుకుని చేత్తో లాగి పోస్తారు. 11 నుంచి 13 డిగ్రీలు, గ్యాస్ తక్కువ. బావకి ముందే చెప్పండి, అది చల్లదనం పోయిన బీరు కాదు, ఉండాల్సిన తీరే అది. పీపా తెరిచాక మూడు రోజులు దాటితే చెడుతుంది, కాబట్టి పాతకాపు గారి లెక్కే: జనం లేని పబ్బులో ఆరు పిడులుంటే అనుమానించండి. టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, కౌంటర్ దగ్గరికి వెళ్ళి తెచ్చుకోవాలి. ఏది తాగాలో తేలకపోతే "రుచి చూడొచ్చా" అని అడిగితే చిన్న గ్లాసులో పోస్తారు, ఊరికే. పుల్లగా వెనిగర్ వాసన వస్తే మర్యాదగా వెనక్కిస్తే మార్చి ఇస్తారు. 1971లో పుట్టిన కామ్రా, అంటే ఈ పాత పద్ధతి ఏల్ కోసం పోరాడే సంఘం వాళ్ళు ఏటా గుడ్ బీర్ గైడ్ వేస్తారు, అందులో ఉన్న పబ్బులు సాధారణంగా నిరాశపరచవు.

రెండోది బెర్మండ్సీ. రైలు వంతెన కింద కమానుల్లో వరసగా బ్రూవరీలు, ట్యాప్‌రూములు. 2009లో కెర్నెల్ బ్రూవరీ మొదలయ్యాక ఒక్కొక్కటీ చేరాయి. శనివారం మధ్యాహ్నం పూట వెళ్ళాలి, మామూలు రోజుల్లో కొన్ని మూసి ఉంటాయి. ఈ చివర నుంచి ఆ చివరకి అన్నిట్లోనూ పైంటు తాగుతామని పందెం వేసుకోకండి. పైంటు అంటే 568 మిల్లీ. హాఫ్ అడగండి, మూడోవంతు గ్లాసు కూడా ఉంటుంది.

నిజాంపేట్_నవాబ్
ఇందుకేనా మీ పేరు హాఫ్‌పింట్?

హాఫ్‌పింట్_హరి
పెళ్ళయ్యాక పెట్టుకున్న పేరు.

డ్యూసెల్_దొర
సైకిల్ మీద తిరుగుదాం అనుకునేవాళ్ళకి: జర్మనీలో తాగి సైకిల్ తొక్కినా కేసే. రక్తంలో ఆల్కహాల్ వెయ్యికి 1.6 వంతులు దాటితే లైసెన్సుకి కూడా ఎసరు. చెక్‌లో కారు నడిపేవాళ్ళకి సున్నా, ఒక్క గ్లాసు కూడా కుదరదు. ట్రాములున్నాయి, వాడుకోండి.

అసలు_బావ
కాజా చెప్తున్న బావని నేనే. ఇప్పుడే అకౌంట్ తెరిచాను. ఇంత చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే పులుపు బీరు, పొగ బీరు, నురగ బీరు, గోరువెచ్చటి బీరు తాగడానికి లక్షలు పెట్టి వెళ్తున్నాం. రోష్‌ఫోర్ 10 ఒక్కటే మనిషి తాగేదిలా ఉంది. బూటు ఇవ్వను.

బ్రస్సెల్స్_బాబాయ్
స్వాగతం బావగారూ! ఊరికి రాగానే మెసేజ్ పెట్టండి, మొదటి రోష్‌ఫోర్ నా తరఫున. రెండోది ఆ రోజు వద్దు.

కాకినాడ_కాజా
బావగారూ మీరు ఇక్కడికెలా వచ్చారు!

సరే, ఇంకో డౌట్. కాంటియాన్ సీసాలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

మ్యూనిక్‌మాధవి
ఇండియా కస్టమ్స్‌లో మనిషికి రెండు లీటర్ల దాకా డ్యూటీ లేదు. 750 మిల్లీ సీసాలు చెరి రెండు. చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి, జీన్స్ ప్యాంటు కాలులో దూర్చి మడవండి. లోపల ఒత్తిడి ఎక్కువ, కాబట్టి బ్యాగు గోడకి ఆనించకుండా నడిమధ్యన పెట్టండి.

బ్రస్సెల్స్_బాబాయ్
ఇంటికెళ్ళాక తీసే ముందు ఒక రోజు నిలబెట్టి ఉంచండి, మడ్డి కిందకి దిగుతుంది. ఓపెనర్‌తో పైమూత తియ్యగానే అయిపోయిందనుకోకండి, దాని కింద కార్క్ ఉంటుంది. కార్క్‌స్క్రూ కూడా కావాలి.

అసలు_బావ
మూత మీద మూతా?

నిజాంపేట్_నవాబ్
బావగారికి తెలియకుండా దాచుకోవడానికే, కాజా గారి కోసం ప్రత్యేకంగా చేయించారు.